తువ్వాల కింద కుదిరిన బేరం

దయ్యాలున్నాయని ఎవరన్నా చెప్తే నేను మొదట అడిగేది ఒకటే, సరుకు చూపించమని. ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. "మా పిన్నత్త చూసింది", "మా ఊరి మేస్త్రి చూసినాడంట" అంటారు. ఎవరో చూసిన సరుకు నేనెందుకు కొంటాను? నేను పుట్టి పెరిగింది చిత్తూరులో, బెల్లం మండీ వెనకింట్లో. చేతిలోకి తీసుకుని, గిల్లి, నాలుక మీద వేసుకుని చూడనిదే దేన్నీ నమ్మని కొంప మాది. దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా మా అమ్మ చిన్న మొక్కుతోనే మొదలుపెట్టేది. పని కాకపోతేనే పెంచేది.

నా సంగతి చెప్పాలంటే, కొత్తిమీర కట్టకు బేరమాడి, దాని మీద కరివేపాకు కొసరు అడిగే రకం. నా భార్య నాతో సంతకు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. అట్లాంటివాడు చెప్తున్న సంగతి ఇది. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు ముందు పెడతాను, చూసుకోండి.

డెబ్భైల చివర్లో నాకు తిరుపతి యూనివర్సిటీలో ఎం.కాం. సీటు వచ్చింది. మా వంశంలో డిగ్రీ దాటినవాణ్ణి నేనే. ఇంట్లో సంతోషం ఒక పూట ఉండింది. మరుసటి పూటకే తగువు మొదలైంది, ఇంటి నుంచి పోయి రావాలా, హాస్టల్లో ఉండాలా అని.

"రెండు గంటల బస్సు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయ్. తిరుపతి ఏమన్నా కాశీనా?" అన్నాడు నాయన.

నేను లైబ్రరీ అన్నాను, నోట్సులన్నాను, బస్సులో పోయే నాలుగు గంటలూ చదువుకోవచ్చు గదా అన్నాను. అసలు సంగతి వేరే. మా ఇంటి ముందర తెల్లవారక ముందే బండ్లు ఆగేవి. సరుకు దించే అరుపులకు లేవాల్సిందే. ఒళ్ళంతా జిగట, చుట్టూ ఈగలు. కాలేజీలో నన్ను "ఉండబెల్లం" అని పిలిచేవాళ్ళు. ఈగలు లేని గదిలో, నాదంటూ ఒక మంచం మీద, ఎనిమిదింటి దాకా నిద్రపోవాలన్నది నా కోరిక. దానికే ఉన్నత చదువు అని పేరు పెట్టుకున్నాను.

నాయన విసిగిపోయి, "మీ తాతనడుగు. ఆయన ఊ అంటే పో" అన్నాడు.

తాత అంటే నాయనకు నాయన. ఆ మండీ పెట్టింది ఆయనే. అప్పటికి రెండు కళ్ళకూ పొర కమ్మింది, మనుషులు నీడల మాదిరి కనిపించేవాళ్ళు. మండీకీ ఇంటికీ మధ్యనుండే తిన్నె మీద పొద్దుగూకులూ కూర్చునేవాడు. చూపు పోయిందే గాని, చెయ్యి ఇస్తే చాలు, మనిషిని చెప్పేసేవాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన గుడియాత్తం వ్యాపారిని వేళ్ళు తడిమి పేరు పెట్టి పిలవడం నేను కళ్ళారా చూసినాను.

అది మండీ బేరం నేర్పిన విద్య. చూడనివాళ్ళకు చెప్పాలి. మా దగ్గర బెల్లం బేరం నోటితో ఆడేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చెయ్యీ చెయ్యీ కలిపితే పైన తువ్వాల కప్పేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. ఎన్ని పట్టినాడో, ఎన్ని వదిలినాడో ఆ ఇద్దరికే తెలుసు. చుట్టూ ఇరవై మంది నిలబడినా ఒక్క మాట వినిపించదు. రెండే కట్టుబాట్లు. బేరం నడిచేటప్పుడు మూడోవాడు తువ్వాల కింద చెయ్యి పెట్టకూడదు. అది తల్లిని తిట్టినదానికన్నా పెద్ద తప్పు. కుదిరిన బేరం తప్పకూడదు. కాగితం లేదు, సాక్షి లేడు, కాబట్టే తప్పకూడదు. తప్పినవాడితో కొట్లాట ఉండదు. ఇంక వాడికి ఎవరూ చెయ్యి ఇవ్వరు, అంతే. ఎదురుపడితే కొత్తమనిషిని చూసినట్టు చూస్తారు.

నేను పోయి హాస్టల్ సంగతి అడిగితే, తాత నన్ను పక్కన కూర్చోమని తిన్నెను తట్టినాడు. భుజం మీది తువ్వాల తీసి ఒళ్ళో పరిచి, దాని కింద చెయ్యి చాపినాడు.

నేను చెయ్యి పెట్టినాను. అయిదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. వారంలో అయిదు రోజులు ఇంట్లో ఉండాలని. నేను ఒక్క వేలు ఇచ్చినాను. ఆయన నాలుగు పట్టినాడు. నా కుడిచేతి చిటికెన వేలు పై కణుపు దగ్గర వంకర. చిన్నప్పుడు కాటా రాయి పడింది, గోరు రెండుగా చీలి మొలుస్తుంది. ఆ వేలిని ఒకసారి మెల్లగా నిమిరినాడు. అది బేరంలో లేని నిమురుడు. నేను మెత్తబడతానేమోనని చూసినట్టుంది. మెత్తబడలేదు. మూడు దగ్గర చాలాసేపు ఆగింది. ఆఖరికి రెండు వేళ్ళు గట్టిగా పట్టి వదిలినాడు. శనివారం, ఆదివారం.

"ఎంతకు తెగింది?" అన్నాడు నాయన గడప లోపలి నుంచి.

"నీకెందుకురా? నీ సరుకా?" అన్నాడు తాత. నా వైపు తిరిగి, "మూడు గుంజినావు గదరా అబ్బోడా! నా చేతిలో నుంచి మూడు గుంజినోడు ఈ మండీలో పుట్టలా" అని నవ్వినాడు.

నాకు పట్టరాని గర్వం. ఆ ముసలాయన దగ్గర నేను గుంజుకున్నదేమిటో అప్పుడు తోచలేదు.

మొదటి రెండు నెలలూ బేరం తప్పలేదు. శనివారం పొద్దున బస్సెక్కితే పదకొండుకల్లా ఇంట్లో ఉండేవాణ్ణి. భోంచేసి తాత పక్కన కూర్చునేవాణ్ణి. ఇద్దరికీ మధ్య తువ్వాల. లేని బండ్లకు, లేని బెల్లానికి బేరమాడుకునేవాళ్ళం. మళ్ళీ శనివారం దాకా ఆయన దాన్నే నెమరు వేసుకునేవాడంట, అమ్మ చెప్పేది.

హాస్టల్ రుచి తర్వాత తెలిసింది. నా గదిలో జయచంద్ర అని, సత్యవేడు పక్క పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ ఉండేవాడు. శనివారం ఇద్దరం మ్యాట్నీకి పోయేవాళ్ళం. ఆదివారం మెస్సులో పూరీ. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. ఒక్క ఈగ లేదు.

ఒక శనివారం పోలేదు. పరీక్షలున్నాయని కార్డు రాసినాను. పరీక్షలు లేవు. మరుసటి శనివారమూ పోలేదు. ఈ వారానివి వచ్చే వారంలో కలిపి నాలుగు రోజులుంటే సరిపోదా అని నాతో నేనే బేరమాడుకున్నాను. నాతో నేను ఆడుకున్న బేరాల్లో ఒక్కటీ నేను ఓడిపోలేదు. అట్లా ఏడు వారాలు గడిచినాయి.

ఏడో వారం నాయన ఉత్తరం వచ్చింది. ఊరి సంగతులు, వానల సంగతి, మేనత్త కాలునొప్పి. ఆఖర్న రెండు వరసలు: "నువ్వు శనివారం శనివారం వచ్చి తాత పక్కన కూర్చుని, ఇంట్లోకి అడుగైనా పెట్టకుండా పోతా ఉండావు. మీ అమ్మ బాధపడుతా ఉండాది. కోపముంటే నా మీద చూపించు."

ఎత్తిపొడుపనుకున్నాను. రానివాణ్ణి వచ్చినావని దెప్పడం మా నాయనకు అలవాటే. జయచంద్రకు చదివి వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుగు రోజులకు మునిరత్నం వచ్చినాడు. మా మండీలో కాటా వేసే మనిషి, నన్ను ఎత్తుకుని తిరిగినవాడు. కొండ మీద మనవరాలికి పుట్టెంట్రుకలు తీయించి, ప్రసాదం ఇచ్చిపోదామని హాస్టలుకు వచ్చినాడు.

"ఏం అబ్బోడా, సదువెక్కువై మమ్మల్ని మర్సిపోతివా?" అన్నాడు కూర్చుంటూనే. "కాటా కాడ నుంచి రెండుసార్లు పిలిస్తి. తిరిగన్నా సూడ్లేదే నువ్వు."

"ఎప్పుడు?"

"మొన్న శనివారం. దాని ముందర శనివారమూ. మీ తాత పక్కన తువ్వాల కింద సెయ్యి పెట్టుకొని కూర్చోనుంటివే! ఇదే సొక్కా." గోడకు తగిలించిన నా నీలం గళ్ళ చొక్కాను వేలితో చూపించినాడు.

జయచంద్ర నా ముఖం చూసినాడు. మొన్న శనివారం ఆ చొక్కా తొడుక్కునే అతనితో మ్యాట్నీకి పోయినాను. టికెట్ల దగ్గర తోపులాటలో జేబు చినిగింది. ఆ చినుగు ఇంకా అట్లానే ఉంది.

ముఖం చూసినావా అని మునిరత్నాన్ని అడిగినాను. చూడలేదన్నాడు. కాటా దగ్గర నుంచి తిన్నె మీద కూర్చున్నవాళ్ళ వీపులే కనిపిస్తాయి. "ముఖమెందుకప్పా? నిన్ను ఎత్తుకొని తిరిగినోన్ని, నీ వీపు నాకు తెలీదా?" అని నవ్వి, బస్సుకు టైమయిందని లేచినాడు.

ఆయన పోయినాక మెస్సుకు పోయి భోజనాల పుస్తకం తీయించినాను. ఏడు శనివారాలూ, ఏడు ఆదివారాలూ, రెండు పూటలా సంతకం ఉంది. నా సంతకమే. వెలుతురులోకి తీసుకుపోయి పరీక్షగా చూసినాను. దొంగ సంతకం పట్టడం మా ఇంట్లో పుట్టుకతో వచ్చే విద్య. అది దొంగది కాదు.

ఆ శనివారం మొదటి బస్సుకే పోవాలనుకున్నాను. ఒంటిగంట దాకా బస్సులు వదిలేస్తా కూర్చుని, ఆఖరికి ఒకటి ఎక్కినాను. చిత్తూరులో దిగేటప్పటికి మధ్యాహ్నం మూడు. ఎండ మండిపోతా ఉంది. మండీలో సరుకు తక్కువ, మనుషులు తక్కువ. మునిరత్నం ఒక్కడే కాటా దగ్గర ఉన్నాడు. నన్ను చూసినాడు. తిన్నె వైపు తల తిప్పి చూసినాడు. మళ్ళీ నన్ను చూసినాడు. చేతిలోని రాయి అట్లానే ఆగిపోయింది. "నువ్వు..." అన్నాడు.

తిన్నె మీద నాకు కనిపించింది తాత ఒక్కడే.

ముందుకు పోయి చూసినాను. వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాల, దాని కింద కుడిచెయ్యి. ముఖంలో నవ్వు, పెదవులు కదులుతున్నాయి. తువ్వాల మెల్లగా లేచి పడుతోంది. బేరం గట్టిగా సాగేటప్పుడు పైన గుడ్డ ఎట్లా కదులుతుందో నాకు తెలుసు. పక్కన రెండు కాఫీ లోటాలు, రెండూ ఖాళీ.

రెండు చేతులూ తానే పెట్టుకుని ఆడుకుంటున్నాడేమో అనుకున్నాను. ఎడమచెయ్యి ఎక్కడుందని వెతికినాను. మోకాలి మీద ఉంది, పొడుం డబ్బీ పట్టుకుని. నాకు బాగా గుర్తు. నేను చేతులు లెక్కపెట్టినాను, సరుకు లెక్కపెట్టినట్టు.

ఆయనకు ఎడమపక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, తువ్వాల కింద చెయ్యి దూర్చినాను.

ముందు తాత చెయ్యి తగిలింది. ఎండిన చింతబెరడు మాదిరి గరుకుగా ఉండే చెయ్యి, చీకట్లో కూడా పోల్చగలను. ఆ చేతిలో ఇంకో చెయ్యి ఉంది.

వెచ్చగా ఉంది. చెమటతో తడిగా ఉంది. బేరంలో నా అరచెయ్యి అట్లానే చెమర్చేది, దానికి తాత నన్ను ఎగతాళి చేసేవాడు. నా వేళ్ళు వాటంతటవే దాని మీదుగా పోయినాయి. చిటికెన వేలు దగ్గర ఆగినాయి. పై కణుపు దగ్గర వంకర. గోరు మధ్యలో చీలిక.

చెయ్యి వెనక్కి తీసుకునే లోపల అది కదిలింది. నా వేళ్ళల్లో రెండింటిని ఏరి, కలిపి, గట్టిగా పట్టుకుంది. పట్టి వదిలేసింది.

"ఎవురప్పా అది?" అన్నాడు తాత. నవ్వు పోయింది. "బేరం నడస్తా ఉంటే మధ్యలో సెయ్యి పెడతావా? మండీ మరియాద తెలీదా నీకు?"

"తాతా, నేను. నేనే తాతా."

ఆయన పొర కమ్మిన కళ్ళు నా వైపు తిప్పి, "నేనంటే ఎవురు? మా మనవడు ఈడనే ఉండాడు గదా" అన్నాడు.

నేను తువ్వాల లాగేసినాను. కింద తాత చెయ్యి ఒక్కటే ఉంది, ఏదో పట్టుకున్నట్టు సగం మూసి. ఆ వేళ్ళు ఒకసారి తెరుచుకుని మూసుకున్నాయి. తాత కుడిపక్కకు తిరిగి, ఖాళీ తిన్నెను తడిమి, "పోయినాడు. జడిపించేస్తివి గదప్పా" అన్నాడు.

లోపలి నుంచి అమ్మ వచ్చింది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "ఇంగో లోటా కావాల్నా? ఇందాక ఇస్తే మొగమన్నా తిప్పకపోతివే" అంది. అప్పుడు నా భుజానికున్న సంచీ, బస్సు దుమ్ము పట్టిన చొక్కా కనిపించినట్టున్నాయి. ఆమె తిన్నె మీది రెండు ఖాళీ లోటాల వైపు తిరిగి చూసింది.

వారం తిరక్కముందే హాస్టల్ ఖాళీ చేసినాను. నాయన ఎందుకని అడగలేదు. పొద్దున ఆరున్నర బస్సు, సాయంత్రానికి ఇల్లు. వారంలో ఏడు రోజులూ ఇంట్లోనే. దీపాలు పెట్టే వేళ దాకా తాత పక్కన కూర్చునేవాణ్ణి.

"రా అప్పా, కూర్చో" అనేవాడు మర్యాదగా. "ఏ ఊరు మీది?"

పేరు చెప్తే, "మంచి పేరు. మా అబ్బోడిదీ అదే" అనేవాడు. నేను కావాలని చిటికెన వేలు ఆయన చేతికి అందించేవాణ్ణి. తడిమి చూసి, "అయ్యో, దెబ్బ తగిలిందా? మావోడికీ ఇట్లానే ఉండాది" అని జాగ్రత్తగా వదిలేసేవాడు.

డాక్టరు ముసలితనమన్నాడు, మతిమరుపన్నాడు. నిజమే కావచ్చు. కానీ నాయన చెయ్యి తెలుసు, అమ్మ చెయ్యి తెలుసు, మునిరత్నం వెనక నుంచి వచ్చి చెయ్యి ఇచ్చినా తెలుసు. తెలియనిది నా ఒక్కడి చెయ్యే.

బేరం తప్పినందుకు మండీ శిక్ష వేస్తున్నాడనుకుని ఒకరోజు కాళ్ళు పట్టుకున్నాను. గాబరాపడి కాళ్ళు ముడుచుకున్నాడు. "ఇదేందప్పా, పరాయి బిడ్డవు, కాళ్ళు పట్టుకుంటావు?" అని చుట్టూ తడుముకున్నాడు, ఎవరన్నా వచ్చి నన్ను లేపుతారేమోనని. అది నటన కాదు. తెలియనట్టు నటించేవాళ్ళ మధ్యనే నేను పెరిగినాను. ఆ ముఖం ఎట్లుంటుందో నాకు తెలుసు.

మీ మనవడు రాడా అని అడిగితే, "హాస్టల్లో ఉండాడు. సదువు" అనేవాడు. "శని ఆదివారాలు తప్పకుండా వచ్చేవాడు. ఎవురో మధ్యలో సెయ్యి పెట్టినారు. ఆపొద్దు లేసి పోయినోడు మల్లా రాలా."

నిజంగానే ఆ తర్వాత అటువంటిది ఎవరికీ కనిపించలేదు. మునిరత్నానికీ, అమ్మకూ. శనివారాల్లో అమ్మ అలవాటు కొద్దీ రెండు లోటాలు తెచ్చేది. రెండోది నేను తాగేవాణ్ణి.

వానలు మొదలైన రోజుల్లో తాత మెత్తబడినాడు. తిన్నె దిగడం కూడా కష్టమైంది. ఒక సాయంత్రం నేను బస్సు దిగి వచ్చి పక్కన కూర్చుంటే, తానే తువ్వాల తీసి ఒళ్ళో పరిచినాడు. హాస్టల్ వదిలినాక నాకు చెయ్యి చాపడం అదే మొదలు. నేను అయిదు వేళ్ళూ ఇచ్చినాను. రెండో చెయ్యి కూడా దూర్చి ఇంకో రెండు కలిపినాను, వారంలో ఏడు రోజులూ అని. తాత అన్నీ తడిమి, ఒక్కొక్కటే వదిలేసినాడు. ఆఖరికి ఒక్క చూపుడు వేలు పట్టుకున్నాడు.

"దినామూ తిరుపతికి పోయి వస్తావు గదప్పా?" అన్నాడు.

"అవును తాతా."

"ఆడ మావోడు కనిపిస్తే చెప్పు. రెండు వద్దులే. ఒక్క దినం వస్తే చాలు. తాత దిగినాడని చెప్పు."

జీవితమంతా ఆ మండీలో కూర్చున్నవాడు, తానుగా ఒక వేలు దిగడం ఎవరూ చూసి ఉండరు. చెప్తానన్నాను. పది రోజులకు ఆయన పోయినాడు.

ఆ తర్వాత నేను చాలా లెక్కలు వేసినాను. తాతకు చూపు లేదు. అమ్మా మునిరత్నమూ అలవాటుగా చూసే చోట అలవాటుగా ఉండే మనిషిని చూసి ఉంటారు. నాది తప్పు చేసిన మనసు. విడివిడిగా ఒక్కొక్కటీ కొనదగిన సరుకే. అన్నీ కలిపి ముందు పెడితే మాత్రం, నా రెండు వేళ్ళను ఏరి పట్టుకున్న ఆ పట్టు వాటిలో దేని కిందా ఇమడదు. అది ఎవరి చెయ్యో, నాదే అయితే ఇన్నాళ్ళూ నా దగ్గరున్నది ఎవరిదో, నాకు తెలియదు.

తాత పంపిన కబురు నేను ఇంతవరకూ చెప్పలేదు. చెప్పకూడదని కాదు. ఎవరికి చెప్పాలో తెలియక.